వైజాగ్‌లో వీధి తలుపుకు ఏ రంగు? ఎండ, ఉప్పుగాలి, పసుపు చేతులు చూసి తేల్చుకోండి

వీధి తలుపుకు రంగు అనగానే అందరం ముందు షేడ్ కార్డు తెరుస్తాం. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో మాత్రం ఆ కార్డు చివర్లో చూడాల్సింది. ముందు గుమ్మం ముందు నిలబడండి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడు దాటాక ఒకసారి, రాత్రి లైటు వేశాక ఇంకోసారి. ఎండ తలుపు మీద ఎంత వరకు పడుతోందో, వేలితో రాస్తే ఏం అంటుకుంటోందో చూడండి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు అయితే జిగటగా ఉప్పు తేమ అంటుతుంది. వన్ టౌన్‌లో, పోర్టు చుట్టుపక్కల అయితే నల్లటి ధూళి. మధురవాడ, కొమ్మాది వైపు కొత్త లేఅవుట్లలో ఎర్రమట్టి. ఈ మూడు చోట్లా ఒకే రంగు ఒకేలా నిలవదు, ఒకేలా కనిపించదు కూడా.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. సొంత ఇల్లయి, తలుపు మీద ఎండా గాలీ తగులుతుంటే మొదటి ఓటు ఇటుక రంగుకి లేదా జాజు రంగుకి, దాదాపు అంతే బలంగా ముదురు ఆకుపచ్చకి. నెమలికంఠం నీలం మూడోది. నలుపు, తెలుపు, పచ్చి ఎరుపు ఈ మూడూ ఫొటోల్లో అందరినీ ఊరించేవే గానీ, మన గుమ్మాల దగ్గర ఎక్కువ పని పెట్టేవి కూడా ఇవే. ఇక తలుపు మంచి టేకుదైతే రంగు ఆలోచనే వద్దు, పాలిష్‌తో ఆగండి.

అసలు మీ తలుపు రంగు పట్టే రకమేనా

టేకు తలుపు మీద ఎనామెల్ (చెక్కకు, ఇనుముకు వేసే గట్టి రంగు) పూయడం గురించి ఇంట్లో గొడవ జరుగుతుంటే నేను పాలిష్ వైపే ఉంటాను. అయితే పాలిష్ అంటే ఒకసారి చేయించి మర్చిపోయేది కాదు. పారదర్శకంగా ఉండే పూత ఏదైనా, మెలమైన్ అయినా పీయూ (పాలీయూరిథేన్) అయినా, ఎండను తన గుండా చెక్క దాకా పోనిస్తుంది. రంగులో ఉండే పిగ్మెంటు, అంటే రంగునిచ్చే పొడి, ఎండకు అడ్డం నిలబడుతుంది, పాలిష్‌లో ఆ అడ్డం లేదు. అందుకే పడమటి ఎండ తగిలే తలుపుకు పాలిష్ చేయిస్తే బయట వాడకానికి పనికొచ్చే, ఎండను తట్టుకునే పీయూనే అడగండి. లోపలి ఫర్నిచర్‌కు వేసే మెలమైన్‌తో సరిపెడతానంటే ఒప్పుకోకండి. పీయూ ఖర్చు ఎనామెల్ కంటే బాగా ఎక్కువే, కానీ టేకుకు పెట్టిన డబ్బుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

వేప, మద్ది లాంటి చెక్కతో చేసిన పాత తలుపులు, మామూలు ఫ్లష్ డోర్లు రంగుకే పుట్టాయి, వాటికి ఏ మొహమాటమూ లేకుండా ఎనామెల్ వేసుకోవచ్చు. సన్‌మైకా అతికించిన తలుపైతే జాగ్రత్త. దాని నున్నటి ముఖం మీద రంగు పట్టదు, శాండ్‌పేపర్‌తో బాగా గరుకు చేసి, అలాంటి ఉపరితలాలకని చెప్పి అమ్మే ప్రైమర్ వేస్తేనే నిలుస్తుంది, లేకపోతే గోటితో గీకితే తొక్కలా లేచొస్తుంది. ఆ శ్రమ కంటే కొత్త సన్‌మైకా వేయించడమే నయం అనిపిస్తే అదీ తప్పు కాదు.

పాత ఇంటి తలుపును గీకేవాళ్లకి ఒక మాట, ఇది రంగు ఎంపిక కంటే ముఖ్యం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న కేంద్రం నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పూతల్లో, ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామెల్స్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లోకే వస్తుంది. నీళ్లు చల్లి తడి మీద రుద్దించండి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ రెండు రోజులూ దూరంగా ఉంచండి, కింద పాత గుడ్డ పరిచి దాన్ని దుమ్ముతో సహా చుట్టి పారేయండి.

ఎండ ఏ దిక్కు నుంచి, ఏ నెలలో

తూర్పు ముఖం ఇంటికి పొద్దున్న ఎండ తగులుతుంది, పైన సన్‌షేడ్ ఉంటే పది దాటాక మెల్లగా నీడలోకి పోతుంది. ఇక్కడ దాదాపు ఏ రంగయినా బతుకుతుంది. పడమర ముఖం తలుపే అసలు పరీక్ష, ఏప్రిల్, మే నెలల్లో రెండు నుంచి అయిదు దాకా ఎండ నేరుగా దాని మీదే ఉంటుంది. ఉత్తరం ముఖం తలుపు ఏడాదిలో ఎక్కువ భాగం నీడలో ఉంటుంది.

దక్షిణం సంగతే చాలామంది తలకిందులుగా అనుకుంటారు. వేసవిలో దక్షిణం తలుపు మాడిపోతుందని భయపడతారు గానీ, మన ఊరు దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరం వైపే ఉంటాడు, ఆ రోజుల్లో దక్షిణం గోడ మీద నేరుగా ఎండ పడదు. పడేది డిసెంబరు, జనవరిలో. అప్పుడు సూర్యుడు దక్షిణంగా, కిందుగా నడుస్తాడు, సన్‌షేడ్ కింద నుంచి దూరి తలుపును రోజంతా వెలిగిస్తాడు. అంటే దక్షిణం తలుపుకు వేడి కంటే వెలిసిపోవడమే పెద్ద బెంగ.

వేడి విషయంలో షేడ్ కార్డే కాస్త సాయం చేస్తుంది. కొన్ని కంపెనీలు రంగు పక్కన ఎల్ఆర్‌వీ అని ఒక అంకె వేస్తాయి. పడిన వెలుతురులో ఎంత తిప్పి కొడుతుందో చెప్పే అంకె అది, సున్నా దగ్గర నలుపు, వంద దగ్గర తెలుపు. పడమటి తలుపుకు పది లోపు అంకె ఉన్న రంగులు వద్దు. ముదురు రంగు వేడిని తాగుతుంది, చెక్క పగలు ఎండి బిగుసుకుంటుంది, రాత్రి తేమకు ఉబ్బుతుంది, ఈ లాగుడుకు మొదట విడిపోయేది పలకల అతుకుల దగ్గర రంగే. పెయింట్ మేస్త్రీల దగ్గర నలుపు మాట ఎత్తి చూడండి, "ఏటండీ బాబూ, నలుపంటారేటి, మే నెల్లో మధ్యాహ్నం దాని మీద చెయ్యెట్టండి చూద్దాం" అనే తరహా సమాధానమే వస్తుంది. వాళ్లు అనుభవంతో చెప్పేదే ఆ అంకె కూడా చెబుతోంది.

ఉప్పు, ధూళి, మెరుపు

రంగు ఎంత ముఖ్యమో మెరుపు అంతే ముఖ్యం, కానీ షాపులో దీని గురించి ఎవరూ అడగరు. గ్లాస్ (బాగా మెరిసేది), శాటిన్ (కొద్దిగా మెరిసేది), మ్యాట్ (మెరవనిది) అని మూడు రకాలు. ఇప్పుడందరికీ మ్యాట్ మీద మోజు, చూడ్డానికి ఖరీదుగా ఉంటుంది నిజమే. బీచ్ రోడ్డుకు దగ్గరలో ఉన్నవాళ్లు మాత్రం ఆ మోజు హాల్లో గోడకు తీర్చుకోండి. మ్యాట్ పూతకు ఉప్పు తేమ, చేతి జిడ్డు అతుక్కుపోతాయి, గట్టిగా తుడిస్తే తుడిచిన చోట మెరిసి మచ్చలా కనిపిస్తుంది. గ్లాస్ అయితే తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది, కానీ తలుపు మీద ఉన్న ప్రతి గీత, ప్రతి లప్పం గడ్డ ఎత్తి చూపిస్తుంది. పాత తలుపు ఎగుడుదిగుడుగా ఉంటే శాటిన్ వేయండి, రెండింటికీ మధ్యలో సర్దుకుపోతుంది. కొత్త, నున్నటి తలుపైతే సముద్రం దగ్గర గ్లాసే.

ఎనామెల్‌లోనూ రెండు రకాలు పోల్చుకోవాలి. ఆయిల్ ఎనామెల్ గట్టిగా, మెరుస్తూ ఉంటుంది, ఆరడానికి టైం తీసుకుంటుంది, వాసన రోజుల తరబడి ఉంటుంది, లేత రంగుల్లో ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, అందులోనూ వెలుతురు తక్కువ ఉన్న చోట ఇంకా ఎక్కువగా. వాటర్ బేస్డ్ ఎనామెల్ త్వరగా ఆరుతుంది, పసుపెక్కదు, కానీ మెరుపు కాస్త తక్కువ, పైగా మన ఉక్క రోజుల్లో కొత్తగా వేసిన తలుపును గట్టిగా మూసి ఉంచితే ద్వారబంధానికి అతుక్కుంటుంది, తెరిచినప్పుడు చర్రుమని చిన్న పెచ్చు లేస్తుంది. నా లెక్కలో తెలుపు, గంధం, లేత బూడిద లాంటి లేత రంగులకు వాటర్ బేస్డ్, ముదురు రంగులకు ఆయిల్ ఎనామెల్.

ఇంకొకటి. తుఫాను వానలు మన దగ్గర నిలువుగా పడవు, అడ్డంగా కొడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఊరి మీదకే వచ్చినప్పుడు సముద్రం వైపు ఉన్న తలుపులు ఎంత నీళ్లు తాగాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తలుపు ముందూ వెనకా రెండు కోట్లు వేసి, పైఅంచు, కింది అంచు వదిలేస్తే రంగు ఏదైనా దండగే, నీళ్లు అక్కడి నుంచే చెక్కలోకి ఎక్కుతాయి. తలుపు ఉబ్బి మూసుకోకపోవడానికి సగం కారణం రంగు తగలని ఆ కింది అంచే. మేస్త్రీ తలుపు దించనంటే ఒప్పించండి, అరగంట పని.

ఇప్పుడు రంగులు

జాజు, ఇటుక, ముదురు గోధుమ. ఈ కుటుంబం నాకు ఎందుకు ఇష్టమో చెప్పాలంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడాలి. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడు, వేల ఏళ్లుగా ఎండలో, వానలో, సముద్రపు గాలిలో ఉండి కూడా వెలిసిపోలేదు. రంగు డబ్బాలో ఇటుక ఎరుపు, జాజు రంగులకు వాడేదీ ఇనుప ఆక్సైడు పిగ్మెంటే. ఎండకు దాదాపు చలించదు, కింద ఉన్న పాత రంగును రెండు కోట్లలోనే కప్పేస్తుంది, ఎర్ర దుమ్ము పడినా కనిపించదు. మధురవాడ, ఎండాడ, పెందుర్తి వైపు కొండలు తవ్విన లేఅవుట్లలో ఇల్లుంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇదే వేసుకోవచ్చు. లోపం ఏమిటంటే కాస్త పాతకాలంగా ఉంటుంది, గేటుకు వేసే రెడాక్సైడ్ ప్రైమర్‌లా ఉందని పిల్లలు ఎగతాళి చేస్తారు. ఆ పేరు రాకుండా ఉండాలంటే శాటిన్‌లో, కొంచెం గోధుమ వైపు మొగ్గే షేడ్ తీసుకుని గోడను గంధం రంగులోనో వెన్న రంగులోనో ఉంచండి. గోడ కూడా ఎర్రటిదైతే మాత్రం తలుపు మాయమైపోతుంది.

ముదురు ఆకుపచ్చ. బాటిల్ గ్రీన్ అని అడిగితే ఏ షాపులోనైనా ఇస్తారు. మన తాతల ఇళ్లల్లో కిటికీలు, తలుపులు ఈ రంగులోనే ఉండేవి, అందుకే పెద్దవాళ్లు అడ్డు చెప్పరు, కుర్రాళ్లకూ ఇప్పుడు మళ్లీ నచ్చుతోంది. ఈ ఆకుపచ్చకు వాడే థాలో పిగ్మెంటు ఎండకు బాగా నిలుస్తుంది. ఇత్తడి గొళ్లేలు, బంతిపూల దండ, గడప పసుపు మూడూ దీని పక్కన వెలిగిపోతాయి. మామిడి తోరణం విషయంలో మాత్రం చిన్న చిక్కు, ద్వారబంధానికి కూడా అదే ఆకుపచ్చ వేస్తే పండగ రోజు ఆకులు రంగులో కలిసిపోయి తోరణం కట్టినట్టే ఉండదు. ద్వారబంధం చెక్క రంగులోనో లేత రంగులోనో వదలండి. ఎర్రమట్టి ధూళి ఉన్న చోట ఆకుపచ్చ మీద దుమ్ము కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పోర్టు వైపు నల్ల ధూళికి మాత్రం దీన్ని మించింది లేదు. చిలకాకుపచ్చ వేరే సంగతి, అది ఏడాది రెండేళ్లకే కళ తప్పుతుంది, నేనైతే వేయను.

నెమలికంఠం నీలం, లేదా అంతకంటే ఒక మెట్టు ముదురు. సముద్రం ఉన్న ఊరు కాబట్టి నీలం అనేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ కారణం నాకు అంతగా ఎక్కదు, సముద్రం ఎలాగూ రోజూ కనిపిస్తూనే ఉంటుంది కదా. అయినా నీలం మంచి ఎంపికే, తెల్ల గోడకు, పసుపు గడపకు దీని అంత జోడీ ఇంకోటి లేదు, మామిడాకులు, బంతులు రెండూ దీని మీద విడివిడిగా కనిపిస్తాయి. నేవీ బ్లూ దాకా పోతే మాత్రం దాదాపు నలుపంతా వేడెక్కుతుంది. లేత ఆకాశనీలం ఉత్తరం తలుపుకు చల్లగా, బావుంటుంది, పడమటి ఎండలో సున్నం వేసినట్టు పాలిపోతుంది.

తెలుపు, గంధం, వెన్న రంగు. వేడి బెంగ లేదు, చిన్న వరండా పెద్దగా కనిపిస్తుంది, రాత్రి తాళం కన్నం వెతుక్కోనక్కర్లేదు. కానీ మన ఇళ్లల్లో గడపకు పసుపు రాసిన చేత్తోనే తలుపు తీస్తారు. ఆ పసుపు మరకను సబ్బు నీళ్లతో తుడిస్తే పోకపోగా ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అయ్యేది ఎందుకో ఇదీ అందుకే. ఎండ తగిలే తలుపైతే ఆ మరక కొన్నాళ్లకు దానంతటదే వెలిసిపోతుంది, పసుపు రంగు ఎండకు నిలవదు కాబట్టి. నీడలో ఉండే ఫ్లాటు తలుపుకు ఆ అదృష్టం లేదు. తెలుపే కావాలంటే గ్లాస్ పూత, పెద్ద హ్యాండిల్, హ్యాండిల్ వెనక వెడల్పాటి ఇత్తడి రేకు, ఈ మూడూ పెట్టుకుని వేయండి. లేదా గంధం రంగుకు దిగండి, సింహాచలం అప్పన్న ఊరు కదా, ఆ రంగుకు ఇంట్లో ఎవరూ కాదనరు, మరకలూ సగం కనిపించవు.

పసుపు, ఎరుపు. రెండూ పండగ రంగులు, రెండిటితోనూ ఒకటే ఇబ్బంది. సీసం తీసేశాక వచ్చిన పచ్చి పసుపు, పచ్చి ఎరుపు పిగ్మెంట్లకు కప్పే గుణం తక్కువ, రెండు కోట్లు వేసినా కింద ప్రైమర్ తొంగి చూస్తుంది, మూడోది, నాలుగోది వేయాల్సి వస్తుంది, మేస్త్రీ మొదట చెప్పిన కూలికి ఒప్పుకోడు. పైగా ఎరుపు పడమటి ఎండలో గులాబీ వైపు జారుతుంది. పసుపు తలుపైతే గడప పసుపు కలిసిపోయి గుమ్మం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పసుపే కావాలనుకుంటే ముదర పండిన మామిడిపండు రంగు, అంటే ఆక్సైడు పసుపు వైపు వెళ్లండి, అది కప్పుతుంది, నిలుస్తుంది.

బూడిద రంగు గురించి తక్కువ మాట్లాడతాను. కొత్త అపార్ట్‌మెంట్లన్నీ అదే వేస్తున్నాయి. జూలై నుంచి నవంబరు దాకా మన ఆకాశమే చాలా రోజులు ఆ రంగులో ఉంటుంది, ఇంటికి వచ్చి మళ్లీ అదే చూడాలా. దుమ్ము కనిపించదన్న ఒక్క సుగుణం ఉంది.

నలుపు వాస్తు ప్రకారం కుదరదని చాలా ఇళ్లల్లో మొదటి మాటకే కొట్టేస్తారు, ఆ వాదన మీకు పట్టకపోయినా ఉప్పు వాదన పట్టాలి, నల్ల గ్లాస్ తలుపు మీద ఉప్పు తెల్లటి పొరలా అంతా కనిపిస్తుంది, రోజూ తుడవాలి. సముద్రానికి దూరంగా, సీతమ్మధార లాంటి చోట ఎండ తగలని తలుపయితే, ఇంట్లో వాళ్లకి అభ్యంతరం లేకపోతే, వేసుకోండి. బావుంటుంది కూడా.

ఫ్లాటు వాళ్లకి

పైన చెప్పిన ఎండ గొడవ మీకు లేదు, మీ గొడవ ట్యూబ్‌లైటు. కారిడార్లో వేసే తెల్లటి ఎల్ఈడీ చాలావరకు 6500 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే అంకె), అందులో నీలం పాలు ఎక్కువ. దాని కింద ఇటుక రంగు మురికిగా, గంధం రంగు పాలిపోయినట్టు, గోధుమ రంగు బూడిద కలిసినట్టు కనిపిస్తాయి. నీలం, ఆకుపచ్చ మాత్రం బావుంటాయి. ఇటుక రంగు మీద మనసు పడితే మీ గుమ్మం ముందు ఉన్న ఒక్క బల్బునైనా 3000 కెల్విన్ వార్మ్ (పసుపు వెలుగు) రకానికి మార్చండి, తలుపు మళ్లీ వేయడం కంటే చవక.

రంగు మార్చే ముందు అసోసియేషన్‌ని అడగండి, కొన్ని చోట్ల బయటి ముఖం అందరిదీ ఒకేలా ఉండాలంటారు. వాదించి లాభం లేదు. అలాంటప్పుడు బయటి వైపు వాళ్లు చెప్పిందే ఉంచి, లోపలి ముఖానికి మీ ఇష్టం వచ్చింది వేసుకోవచ్చు, ఎలాగూ ఎక్కువసేపు చూసేది లోపలి వైపే. రెండు రంగులు కలిసే చోటు తలుపు పక్క అంచు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే తాళం వైపు అంచు బయటివాళ్లకి కనిపించదు గానీ తెరిచినప్పుడు హాల్లోంచి కనిపిస్తుంది కాబట్టి దానికి లోపలి రంగే వేయించండి. గ్రిల్ తలుపు ముందు ఉంటే అది ఇనుము, దానికి ముందు తుప్పు గీకించి మెటల్ ప్రైమర్ వేయించాలి, రంగు మాత్రం చెక్క తలుపు కంటే ఒక మెట్టు ముదురుగా ఉంటే వెనక తలుపు బాగా కనిపిస్తుంది.

హ్యాండిళ్లు కొనేటప్పుడు, సముద్రానికి దగ్గరైతే స్టీలులో 316 గ్రేడు అడగండి, మామూలుగా దొరికే 304 మీద ఉప్పుగాలికి టీ మరకల్లాంటి తుప్పు చుక్కలు వస్తాయి. ఇత్తడి కూడా నల్లబడుతుంది, కానీ చింతపండు పెట్టి తోమితే మళ్లీ వస్తుంది.

చూసి ఎంచుకోవడం, వేయించడం

షాపులో ట్యూబ్‌లైటు కింద కార్డు చూసి ఆర్డరు ఇవ్వకండి. రెడీమేడ్ ఎనామెల్ రంగులు చిన్న డబ్బాల్లో దొరుకుతాయి. రెండు మూడు తెచ్చి, కనీసం రెండు చేతుల వెడల్పు ప్లైవుడ్ ముక్కల మీద రెండేసి కోట్లు వేసి, ఆరాక తలుపుకు ఆనించి ఒక రోజంతా వదిలేయండి. చిన్న కార్డులో నచ్చిన రంగు ఏడడుగుల తలుపు మీద ఎప్పుడూ ఇంకా గట్టిగా, ఇంకా ముదురుగా అనిపిస్తుంది, అందుకే రెండింటి మధ్య ఊగుతుంటే కాస్త తగ్గినదాన్నే తీసుకోండి. మిషన్ మీద కలిపించే రంగయితే ముందే చిన్న డబ్బా దొరకడం కష్టం, అప్పుడు లీటరు కొని ప్లైవుడ్ ముక్క మీద వేసి చూశాకే తలుపు మీదకి వెళ్లండి. ఏడడుగులకు మూడున్నర అడుగుల తలుపు రెండు వైపులా కలిపితే యాభై చదరపు అడుగులకు కాస్త తక్కువ, రెండు కోట్లకు, ద్వారబంధంతో కలిపి, లీటరుకు కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది. మేస్త్రీ రెండు లీటర్లు రాస్తే ఎందుకో అడగండి.

ఎప్పుడు వేయించాలంటే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. వానలు ఉండవు, గాలిలో తేమ కాస్త తగ్గుతుంది. ఉక్కగా ఉన్న రోజు ఆయిల్ ఎనామెల్ రెండో రోజుకు కూడా జిగటగానే ఉంటుంది, పాలిష్ అయితే మంచు పట్టినట్టు తెల్లబడుతుంది, దాన్ని మళ్లీ రుద్దాల్సిందే. సంక్రాంతి ముందు పది రోజులు మాత్రం తప్పించండి, మేస్త్రీలు దొరకరు, దొరికినవాళ్లు తొందరలో ఉంటారు, మొదటి కోటు ఆరకముందే రెండోది వేస్తారు. కోటుకీ కోటుకీ మధ్య ఒక రాత్రి, మధ్యలో 320 నంబరు శాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్దడం, ఈ రెండూ మీరే దగ్గరుండి చూసుకోండి. పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలెట్టి, మధ్యాహ్నం లోపు కోటు ముగిస్తే సాయంత్రం సముద్రపు తేమ వచ్చేసరికి పైపొర ఆరి ఉంటుంది. ఎండ నేరుగా పడుతున్నప్పుడు వేయకూడదు, పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అందుకని తూర్పు తలుపు నీడలోకి వెళ్లాక, పడమటి తలుపు పొద్దున్న.

ఇంకా తేలకపోతే ఇలా చేయండి. పడమర ముఖం, సొంత ఇల్లు, ఊరి ఏ మూలైనా సరే, ఇటుక-గోధుమ శాటిన్. తూర్పు ముఖం, సముద్రం కిలోమీటరు లోపు, నెమలికంఠం లేదా ముదురు ఆకుపచ్చ గ్లాస్. వన్ టౌన్, పోర్టు చుట్టుపక్కల ఆకుపచ్చ. ఉత్తరం ముఖం తలుపు, ముందు చెట్టు నీడ కూడా ఉంటే, మామిడిపండు పసుపు, చీకటి గుమ్మానికి వెలుతురు తెస్తుంది, గడప పసుపులో కలిసిపోకుండా ద్వారబంధం ముదురు గోధుమలో ఉంచండి. గాజువాక, ఉక్కునగరం వైపు ఫ్లాటయితే నీలం. అద్దె ఇల్లయితే ఓనరు వేసిందే ఉంచి, తోరణం మార్చుకోండి. ఏటికొప్పాక లక్క పూసల తోరణాలు ఏ రంగు తలుపు మీదైనా అందంగా ఉంటాయి, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చు.

డబ్బా మూత మీద షేడ్ నంబరు, తేదీ మార్కర్‌తో రాసి, మిగిలిన రంగు చిన్న సీసాలోకి నిండా పోసి గట్టిగా మూత పెట్టండి, సగం డబ్బాలో గాలి ఉంటే పైన తోలు కడుతుంది. తాళం చుట్టూ, కాలితో తోసే కింది మూల దగ్గర ముందు అరుగుతుంది, ఏడాదికోసారి ఆ రెండు చోట్లా చిన్న బ్రష్‌తో దిద్దితే తలుపంతా మళ్లీ వేయించే పని చాలా ఏళ్లు వాయిదా పడుతుంది.